ఆగిపోతే ఆగిపోయానని చెప్పే లైవ్ గ్రాఫ్: రొయ్యల చెరువు డీవోని వెబ్ పేజీలో చూపించడం ఎలా

రొయ్యల చెరువులో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పగటిపూట పెద్దగా భయపెట్టదు. ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని ఆల్గే ఆక్సిజన్ తయారుచేస్తూనే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం మూడింటికి మీటర్ ముంచి చూస్తే అంకె నిండుగా కనిపిస్తుంది. పొద్దు గూకాక పరిస్థితి మారుతుంది. ఆ ఆల్గే, రొయ్యలు, అడుగున కుళ్లే మేత, అన్నీ ఆక్సిజన్ వాడుకునేవే, తయారుచేసేది ఏదీ ఉండదు, అందుకే తెల్లవారుజామున డీవో బాగా పడిపోతుంది. భీమవరం, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల రైతులకి ఇదేం కొత్త విషయం కాదు. మబ్బు పట్టిన రోజు రాత్రి, పైగా కరెంటు పోయిన రాత్రి, వాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చెరువులో డీవో సెన్సర్ పెట్టి, ఆ రీడింగులు ఫోన్ బ్రౌజర్‌లో దానంతట అదే కదిలే గ్రాఫ్‌గా కనిపించేలా ఎలా చెయ్యాలో చూద్దాం. మీకు జావాస్క్రిప్ట్ కొద్దిగా వచ్చు, ఒక చిన్న సర్వర్ నడపగలరు అనుకుంటున్నాను. చెరువు బదులు మీది ఇంటి ట్యాంకులో నీటి మట్టం కావచ్చు, సోలార్ ప్యానెల్ కావచ్చు, పద్ధతి ఇదే.

మొదలుపెట్టే ముందే ఒక మాట. గీతలు కదిలించడం ఈ పనిలో సులువైన భాగం, ఒక సాయంత్రంలో అయిపోతుంది. కష్టమల్లా గ్రాఫ్ ఆగిపోయినప్పుడు ఆగిపోయినట్టు కనిపించేలా చెయ్యడం. రాత్రి ఒంటిగంటకి రీడింగులు ఆగిపోయి, నాలుగింటికి లేచి చూసిన మనిషికి తెర మీద ఇంకా 5.2 (లీటరుకి మిల్లీగ్రాముల్లో) అనే కనిపిస్తుంటే, ఆ పేజీ అసలు లేకపోవడమే నయం. పేజీ లేకపోతే కనీసం మీటర్ పట్టుకుని చెరువు గట్టుకి వెళ్లేవాడు. అందుకే ఈ విషయాన్ని చివర్లో అతికించకుండా ప్రతి అడుగులోనూ కలుపుకుంటూ వెళ్దాం.

ముందు రీడింగ్ ఎంతసేపటికోసారి కావాలో తేల్చుకోండి

లైవ్ అనగానే సెకనుకోసారి అనుకుంటారు చాలామంది. డీవో సెకనులో మారే విషయం కాదు. సెన్సర్‌లోనే రీడింగ్ కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. నిమిషానికి ఒక రీడింగ్ అంటే రోజుకి 1,440 పాయింట్లు, సెకనుకి ఒకటి అంటే 86,400. మీ ఫోన్ తెర వెడల్పు బ్రౌజర్ లెక్కలో దాదాపు 360 నుంచి 400 పిక్సెళ్లే, మరి ఆ 86,400 పాయింట్లు ఎక్కడ గీస్తారు? చెరువుకి నిమిషానికి ఒకటి చాలు. మీరు కొలిచేది వేరే అయితే, దాన్ని చూసి మనిషి ఏదైనా పని చెయ్యడానికి ఎంత వ్యవధి ఉంటుందో ఆలోచించి, అందులో పదో వంతుకో ఇరవయ్యో వంతుకో ఒకసారి రీడింగ్ వచ్చేలా పెట్టుకోండి.

తర్వాత దాచుకోవడం

సర్వర్‌లో ఒక పట్టిక. డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్ ధారాళంగా సరిపోతుంది, నాలుగైదు చెరువులకి అంతకంటే పెద్దది అక్కర్లేదు. అందులో చెరువు పేరు, డీవో విలువ, కొలిచిన సమయం, సర్వర్‌కి అందిన సమయం ఉండాలి. రెండు సమయాలూ ఎందుకంటే, గట్టు మీద నెట్ పోయినప్పుడు మంచి పరికరం రీడింగులు తన దగ్గర దాచుకుని నెట్ రాగానే అన్నీ ఒక్కసారి పంపిస్తుంది. గ్రాఫ్ కొలిచిన సమయం ప్రకారం గియ్యాలి. అందిన సమయం ప్రకారం గీస్తే అరగంట రీడింగులన్నీ ఒకే నిలువు గీత మీద కుప్పపడతాయి.

సమయం యూటీసీలోనే, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే దాచండి, మన టైమ్‌లోకి మార్చడం బ్రౌజర్‌కి వదిలెయ్యండి. మనది యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. ఆ ఐదున్నరని చేత్తో కలపడం మొదలుపెడితే ఎక్కడో ఒకచోట రెండుసార్లు కలుస్తుంది. ఇంకొకటి, జావాస్క్రిప్ట్ సమయాన్ని మిల్లీసెకన్లలో లెక్కపెడుతుంది, పైథాన్‌లో టైమ్ ఫంక్షన్ సెకన్లలో ఇస్తుంది. గ్రాఫ్ కింద 1970 జనవరి అని కనిపించిందంటే అనుమానం అక్కర్లేదు, సెకన్లని వెయ్యితో గుణించడం మర్చిపోయారు.

రీడింగ్ రాకపోతే సున్నా రాయకండి, దయచేసి. చాలా పరికరాలు సెన్సర్ వైరు ఊడిపోతే సున్నా పంపిస్తాయి, దాన్ని అలాగే పట్టికలో వేసేస్తే గ్రాఫ్ ఒక్కసారిగా నేలకి తగులుతుంది. డీవో సున్నా అంటే చెరువు మొత్తం పోయిందని అర్థం, అది చూసిన రైతు గుండె ఆగిపోతుంది. రాని రీడింగ్ ఖాళీయే, నల్ అనే దాచాలి.

పేజీకి కొత్త రీడింగ్ చేరే దారి

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది పోలింగ్, అంటే పేజీయే కొంతసేపటికోసారి సర్వర్‌ని కొత్తదేమైనా ఉందా అని అడగడం. రెండోది సర్వర్-సెంట్ ఈవెంట్స్, కుదించి ఎస్‌ఎస్‌ఈ, అంటే ఒక కనెక్షన్ తెరిచి ఉంచితే సర్వర్ రీడింగ్ రాగానే తోసెయ్యడం. మూడోది వెబ్‌సాకెట్, ఇందులో రెండువైపులా మాట్లాడుకోవచ్చు. ట్యుటోరియల్స్‌లో ఎక్కువగా వెబ్‌సాకెట్‌తోనే మొదలుపెడతారు. నా మాట వింటే మీరు పోలింగ్‌తో మొదలుపెట్టండి. నిమిషానికి ఒక రీడింగ్ వచ్చే చోట ఇరవై సెకన్లకోసారి అడిగితే ఏం నష్టం లేదు, అన్ని సర్వర్ల మీదా అన్ని నెట్‌వర్కుల మీదా పనిచేస్తుంది, తేడా వస్తే ఎక్కడ వచ్చిందో కనుక్కోవడం కూడా తేలిక.

పోలింగ్ రాసేటప్పుడు సెట్‌ఇంటర్వెల్ వాడకండి. పల్లెల్లో నెట్ నెమ్మదించి ఒక జవాబు నలభై సెకన్లు పట్టిందనుకోండి, ఈలోగా ఇంకో రెండు ప్రశ్నలు బయల్దేరిపోయి ఉంటాయి, జవాబులు వెనకాముందుగా వస్తాయి. దానికి బదులు జవాబు వచ్చాకే, లేదా తప్పిపోయిందని తేలాకే, సెట్‌టైమౌట్‌తో తర్వాతి ప్రశ్నకి సమయం పెట్టండి. ఫెచ్‌కి దానంతట దానికి గడువు ఉండదు కాబట్టి అబార్ట్‌కంట్రోలర్‌తో పది సెకన్ల గడువు మీరే పెట్టాలి. వరసగా తప్పిపోతుంటే వ్యవధి పెంచుకుంటూ పోండి, ఇరవై, నలభై, అక్కడి నుంచి నిమిషానికోసారి, అంతకు మించొద్దు. ప్రతి ప్రశ్నలోనూ నా దగ్గరున్న చివరి రీడింగ్ ఫలానా సమయానిది అని పంపిస్తే, సర్వర్ ఆ తర్వాతవి మాత్రమే ఇస్తుంది. దీని లాభం ఏంటంటే పావుగంట నెట్ పోయి వచ్చినా మధ్యలో తప్పిన రీడింగులన్నీ వాటంతట అవే వచ్చి చేరతాయి. ఆలస్యంగా చేరిన పాత రీడింగులు కూడా రావాలంటే మాత్రం ఈ పోలిక అందిన సమయంతో చెయ్యాలి, కొలిచిన సమయంతో కాదు. రెండు సమయాలూ దాచమన్నది ఇందుక్కూడా.

ఎస్‌ఎస్‌ఈ ఎప్పుడంటే, రీడింగులు ఐదు సెకన్లకంటే వేగంగా వస్తున్నప్పుడు, లేదా ఏరియేటర్, అంటే నీళ్లలోకి గాలి కలిపే యంత్రం, ఆగిపోయింది లాంటి కబురు ఆ క్షణమే తెర మీద పడాలనుకున్నప్పుడు. బ్రౌజర్‌లో ఈవెంట్‌సోర్స్ అనే ఆబ్జెక్ట్‌కి అడ్రస్ ఇస్తే చాలు. సర్వర్ జవాబు రకాన్ని టెక్స్ట్ స్లాష్ ఈవెంట్-స్ట్రీమ్ అని చెప్పాలి, ప్రతి కబురూ డేటా అనే మాట, కోలన్, ఆపై విషయం, చివర ఒక ఖాళీ లైను. ఆ ఖాళీ లైను లేకపోతే కబురు పూర్తికాలేదనుకుని బ్రౌజర్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది, ఏ ఎర్రరూ చూపించదు. ప్రతి కబురుకీ ఒక ఐడీ ఇవ్వండి, కనెక్షన్ తెగితే బ్రౌజర్ తనే మళ్లీ కలుపుకుంటూ ఆఖరుగా అందిన ఐడీని సర్వర్‌కి చెబుతుంది, అక్కడి నుంచి పంపితే సరి.

నా కంప్యూటర్‌లో పనిచేసింది, సర్వర్‌లో పెడితే ఒక్క రీడింగూ రావట్లేదు అనేవాళ్లు ముందు చూడాల్సింది బ్రౌజర్‌కీ మీ ప్రోగ్రామ్‌కీ మధ్యలో ఉండే వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్‌ని. అది మామూలుగా జవాబుని కొంత పోగుచేసుకుని పంపుతుంది. ఆ అడ్రస్‌కి ప్రాక్సీ బఫరింగ్ ఆపెయ్యండి, లేదా మీ ప్రోగ్రామ్ నుంచే ఎక్స్-యాక్సెల్-బఫరింగ్ అనే హెడర్‌కి నో అని పంపండి. అరవై సెకన్లపాటు అటు నుంచి ఏమీ రాకపోతే అదే ఎంజిన్‌ఎక్స్ కనెక్షన్ తెంచేస్తుంది కూడా, కాబట్టి కోలన్‌తో మొదలయ్యే ఉత్త లైను ఒకటి పదిహేను సెకన్లకోసారి పంపుతూ ఉండండి, బ్రౌజర్ దాన్ని పట్టించుకోదు కానీ కనెక్షన్ బతికే ఉంటుంది. సర్వర్‌ని పైథాన్ ఫ్లాస్క్‌లో రాసి, దాన్ని నడిపే గునికార్న్‌ని మామూలు వర్కర్లతో (ఒక్కోటి ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూసే ప్రాసెస్‌లతో) నడుపుతుంటే ఒక్కో చూపరి ఒక్కో వర్కర్‌ని ఆక్రమించుకుంటాడు, ఇద్దరు ముగ్గురు చూసేసరికి సైటే ఆగుతుంది. నోడ్ గానీ ఫాస్ట్‌ఏపీఐ గానీ ఈ పనికి బాగా సరిపోతాయి. పాత హెచ్‌టీటీపీ 1.1 మీద ఒక సైట్‌కి బ్రౌజర్ ఆరు కనెక్షన్లే ఇస్తుంది, ఎవరైనా ఆరు ట్యాబులు తెరిస్తే ఏడోది తెరుచుకోదు. హెచ్‌టీటీపీ 2 పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

వెబ్‌సాకెట్ గురించి పెద్దగా చెప్పను. పేజీ నుంచి కూడా ఎడతెగకుండా ఏదో పంపుతూ ఉండాలంటేనే దాని అవసరం. ఏరియేటర్ ఆన్ చేసే ఒక బటన్ కోసమైతే మామూలు పోస్ట్ రిక్వెస్ట్ చాలు. పైగా తెగిపోతే మళ్లీ కలుపుకునే పని వెబ్‌సాకెట్‌లో మీరే రాసుకోవాలి.

గియ్యడం

గ్రాఫులు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ చార్ట్.జేఎస్ తీసుకోండి. ఉచితం, డాక్యుమెంటేషన్ బాగుంటుంది. పాయింట్లు లక్షల్లో ఉంటే యూప్లాట్ చూడండి, అది చాలా తేలికైనది, కానీ మన 1,440కి అవసరం రాదు. కింద అక్షం సమయం కావాలి కాబట్టి చార్ట్.జేఎస్‌తోపాటు డేట్ అడాప్టర్ అనే చిన్న ఫైల్ కూడా జతచెయ్యాలి, అది లేకపోతే టైమ్ స్కేల్ పనిచెయ్యదు. ఈ ఫైళ్లని మీ సర్వర్‌లోనే పెట్టుకోండి, ఒక్క అడ్రస్ నుంచే అన్నీ వస్తే నెమ్మది నెట్ మీద పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

పేజీ తెరుచుకోగానే ముందు గత ఇరవైనాలుగు గంటల రీడింగులు ఒకేసారి తెప్పించి గీసెయ్యండి, ఆ తర్వాతే కొత్తవి ఒక్కొక్కటి చేర్చడం. ఖాళీ గ్రాఫ్ తెరిచి ఎదురుచూడమంటే ఎవరూ చూడరు, పైగా డీవోలో అసలు సంగతి నిన్న ఇదే వేళకి ఎంత ఉంది అన్న పోలికలోనే ఉంటుంది. పాతవి వచ్చేలోగా కొత్తది ఒకటి వచ్చి చేరొచ్చు, అదే రీడింగ్ రెండుసార్లు రావచ్చు. చేర్చే ముందు ఆ సమయానిది ఇప్పటికే ఉందేమో చూసుకుని, ఉంటే దాన్నే మార్చి, అన్నిటినీ సమయం వరసలో పేర్చండి.

చార్ట్‌ని ఒక్కసారే తయారుచెయ్యాలి. రీడింగ్ వచ్చినప్పుడల్లా కొత్త చార్ట్ సృష్టిస్తే ఈ కాన్వాస్ ఇప్పటికే వాడుకలో ఉంది అనే ఎర్రర్ వస్తుంది. డేటా అర్రేకి చివర కొత్తది చేర్చండి, మొదట్లోంచి ఇరవైనాలుగు గంటలు దాటినవి తీసెయ్యండి, అప్‌డేట్ ఫంక్షన్‌ని నన్ అనే మోడ్‌తో పిలవండి. ఆ నన్ వల్ల యానిమేషన్ ఉండదు. ప్రతిసారీ గీత అలలా ఊగుతూ కుదురుకోవడం మొదట్లో ముచ్చటగా ఉంటుంది గానీ, ఆ ఊగే గీతని చూసి డీవో పడుతోందా లేస్తోందా అని రాత్రిపూట అంచనా వెయ్యడం నరకం.

నిలువు అక్షాన్ని కచ్చితంగా బిగించండి, సున్నా నుంచి పదిహేను వరకు. చార్ట్.జేఎస్‌ని దాని ఇష్టానికి వదిలేస్తే 5.0కి 5.3కి మధ్య కదలికని తెర నిండా సాగదీసి చూపిస్తుంది, ఏమీ జరగకపోయినా కొండలు లోయలు కనిపిస్తాయి. అక్కడే 4 దగ్గర ఒక పసుపు గీత, 3 దగ్గర ఒక ఎర్ర గీత అడ్డంగా గియ్యండి, యానొటేషన్ ప్లగిన్‌తో ఇది తేలిక. వనామీ రకం రొయ్యకి లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే కిందకి పోనివ్వకూడదని, 3కి చేరితే ప్రమాదమని సాధారణంగా చెబుతారు, అయినా మీ చెరువుకి మీ టెక్నీషియన్ చెప్పిన అంకెలే పెట్టుకోండి.

గ్రాఫ్ ఎత్తు ఫోన్‌లో విచిత్రంగా సాగిపోతుంటే కాన్వాస్‌ని ఒక డివ్‌లో పెట్టి, ఆ డివ్‌కి ఎత్తు ఇచ్చి, మెయింటెయిన్ ఆస్పెక్ట్ రేషియోని ఫాల్స్ చెయ్యండి. చెరువులు ఐదారు ఉంటే అన్నీ ఒకే గ్రాఫ్‌లో కలపకండి, రంగుల దారాలు చిక్కుపడినట్టు తయారవుతుంది. ఒక్కో చెరువుకి ఒక్కో చిన్న గ్రాఫ్, ఒకదాని కింద ఒకటి, అన్నిటికీ ఒకే అక్షం. ప్రతి గ్రాఫ్ పైన తాజా రీడింగ్ పెద్ద అక్షరాల్లో ఉండాలి, కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్దగా, దాని పక్కనే అది ఎప్పటిదో కూడా.

ఆగిపోయినట్టు చూపించడం

ముందు కుడి అంచు సంగతి. చార్ట్.జేఎస్ మామూలుగా చివరి రీడింగ్ దగ్గరే కుడి అంచు ముగిస్తుంది. మూడు గంటల క్రితం రీడింగులు ఆగిపోయినా గీత కుడి అంచుదాకా నిండుగానే కనిపిస్తుంది, అసలు మోసమంతా అక్కడే ఉంది. కింది అక్షం గరిష్ఠాన్ని ఎప్పుడూ ఇప్పటి సమయంగా పెట్టి, రీడింగ్ వచ్చినా రాకపోయినా పది సెకన్లకోసారి దాన్ని ముందుకు జరపండి. అప్పుడు రీడింగులు ఆగిన దగ్గర్నుంచి కుడివైపు ఖాళీ పెరుగుతూ పోతుంది, చదువుకోనివాళ్లకి కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది.

మధ్యలో తప్పిన రీడింగుల మీదుగా గీత కలిపెయ్యకుండా స్పాన్‌గ్యాప్స్ అనే సెట్టింగ్‌కి ఒక అంకె ఇవ్వండి, మూడు నిమిషాలకి మిల్లీసెకన్లలో 1,80,000. అంతకంటే ఎక్కువ ఎడం ఉంటే గీత తెగి కనిపిస్తుంది. రాత్రి రెండు నుంచి నాలుగు వరకు రీడింగే లేకపోతే ఆ రెండు గంటలు ఏం జరిగిందో మనకి తెలియదు, తెలిసినట్టు తిన్నగా గీత గియ్యడం అబద్ధం చెప్పడమే.

చివరి రీడింగ్ వయసు మూడు నిమిషాలు దాటితే అంకె పసుపు రంగులోకి, పది నిమిషాలు దాటితే మొత్తం గ్రాఫ్ బూడిద రంగులోకి వెళ్లాలి, అంకె స్థానంలో గీత ఒక్కటే ఉండి పక్కన 12 నిమిషాలుగా రీడింగ్ లేదు అని రాసి ఉండాలి. ఒట్టి రంగు మీద ఆధారపడకండి, మాటల్లో కూడా రాయండి. ఈ వయసు లెక్కకి ఫోన్ గడియారాన్ని నమ్మొద్దు, కొన్ని ఫోన్లలో అది నిమిషాల తేడాతో ఉంటుంది. సర్వర్ తన ప్రతి జవాబులోనూ తన ఇప్పటి సమయాన్ని పంపితే, ఫోన్‌కీ దానికీ తేడా ఎంతో కట్టుకుని ఆ లెక్కతో చూడండి.

తెగింది ఎక్కడో కూడా చెప్పాలి. సర్వర్ జవాబు ఇవ్వకపోతే తప్పు ఫోన్ నెట్‌లోనో సర్వర్‌లోనో ఉంది, చెరువు దగ్గర అంతా బాగానే ఉండొచ్చు. సర్వర్ జవాబిస్తూ కొత్త రీడింగ్ లేదంటే తప్పు గట్టు మీద ఉంది, ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. ఈ రెండూ ఒకే ఎర్ర చుక్కగా చూపిస్తే అర్ధరాత్రి మనిషి ఎటు పరుగెత్తాలో తేల్చుకోలేడు. ఫోన్‌కి నెట్ లేదు, లేదా చెరువు నుంచి రీడింగ్ రావడం లేదు, అని విడివిడిగా తెలుగులో రాయండి.

ఇంకో రకం ఆగిపోవడం ఉంది, అందరూ వదిలేసేది. రీడింగులు వస్తూనే ఉంటాయి, కానీ అరగంటగా ఒకే అంకె, 4.87, 4.87, 4.87. నిజమైన చెరువులో డీవో అలా కదలకుండా ఉండదు, రెండో దశాంశమైనా ఊగుతుంది. సెన్సర్ ఇరుక్కుంది, లేదా పరికరం పాత విలువనే పదే పదే పంపుతోంది. ముప్ఫై రీడింగులు అచ్చంగా ఒకటే అయితే అప్పుడూ పసుపు చూపించండి. నాచు పట్టిన సెన్సర్‌ని మాత్రం ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, దాన్ని తుడవాల్సిందే.

ఫోన్ జేబులోకి వెళ్లాక

ట్యాబ్ వెనక్కి పోయినా, తెర ఆరిపోయినా బ్రౌజర్ మీ టైమర్లని నెమ్మదింపజేస్తుంది. క్రోమ్‌లో వెనకున్న ట్యాబ్ టైమర్లు కొంతసేపటి తర్వాత నిమిషానికోసారే తిరుగుతాయి, ఫోన్ అయితే పూర్తిగా నిద్రపుచ్చేస్తుంది. కాబట్టి విజిబిలిటీఛేంజ్ ఈవెంట్ విని, పేజీ మళ్లీ ముందుకి రాగానే టైమర్ కోసం ఆగకుండా వెంటనే సర్వర్‌ని అడగండి, జవాబు వచ్చేదాకా పాత అంకె మీద సరిచూస్తున్నాను అని కనిపించనివ్వండి.

ఇదే కారణంగా అలారం పనిని పేజీకి అప్పజెప్పకండి. పేజీ తెరిచి ఉంటేనే మోగే అలారం నిద్రపోతున్న మనిషిని లేపలేదు. డీవో 4 దాటి కిందకి వస్తే ఫోన్ కాల్ గానీ ఎస్‌ఎంఎస్ గానీ సర్వర్ నుంచే వెళ్లాలి, రీడింగులు పది నిమిషాలు ఆగినా అదే కాల్ వెళ్లాలి.

సైట్‌ని హెచ్‌టీటీపీఎస్ మీద పెడుతున్నారా, అయితే రీడింగుల అడ్రస్ కూడా హెచ్‌టీటీపీఎస్ అయి ఉండాలి, లేకపోతే బ్రౌజర్ దాన్ని మాట్లాడకుండా ఆపేస్తుంది. చిన్న లాగిన్ పెట్టండి, పరికరం రీడింగులు పంపే అడ్రస్‌కి కూడా ఒక రహస్య కీ పెట్టండి, లేదంటే ఎవరైనా తప్పుడు అంకెలు పంపొచ్చు.

రైతు చేతికి ఇచ్చే ముందు

పగలు, చెరువు బాగున్నప్పుడు, అన్నీ కావాలని చెడగొట్టి చూడండి. సెన్సర్ వైరు పీకి పది నిమిషాలు దాటేదాకా ఆగండి, గ్రాఫ్ సున్నాకి పడకుండా బూడిద రంగులోకి వెళ్లిందా? పరికరానికి నెట్ ఆపి అరగంట తర్వాత ఇవ్వండి, తప్పిన అరగంట గీత సరైన చోట నిండిందా? ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే ఫోన్‌కి నెట్ లేదనే చెప్పిందా, చెరువు మీదకి తోసిందా? సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టండి, ఎవరూ పేజీ రిఫ్రెష్ చెయ్యకుండానే గీత కదలాలి. ఫోన్ ఒక గంట జేబులో ఉంచి తీసి చూడండి. పరీక్ష కోసం పెట్టిన వేరే చెరువు పేరు మీద 2.5 అని ఒక రీడింగ్ పంపి కాల్ వచ్చిందో లేదో చూడండి, అది కూడా రాత్రిపూట, ఫోన్ సైలెంట్‌లో ఉన్నప్పుడు, ఎందుకంటే కాల్ వెళ్లాల్సిన నంబరు సైలెంట్‌లో కూడా మోగేలా ఆ ఫోన్‌లో సెట్ చెయ్యాల్సిన పని ఇంకా మిగిలే ఉంటుంది.